ఢిల్లీలో నేను చూసింది ఒక జీపు వైపరు

మనకి ఇంకా ఆషాఢం నడుస్తోంది, ఢిల్లీ వాళ్లకి అప్పటికే సావన్, అంటే శ్రావణం, వచ్చేసింది. ఆ గురువారం సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలకి, ధౌలా కువా దగ్గర, జోరు వానలో నా తమ్ముడి జీపు వైపర్లు ఆగిపోయాయి. టైము ఎలా తెలుసంటే, వాడు అప్పుడే గడియారం చూసి "ఆరూ పదయింది, ఏడుకల్లా ఇంట్లో ఉంటామప్పా" అన్నాడు (మా వైపు అక్కని అప్ప అంటారు). ఆ మాట నోట్లో ఉండగానే వాడి ముందున్న వైపరు సగం దాకా లేచి అక్కడే కూలబడింది. రెండోది నాలుగుసార్లు చెయ్యూపి అదీ పడుకుంది.

ఊళ్లో అందరూ అడుగుతున్నారు, ఎర్రకోట చూశావా, కుతుబ్ మినార్ చూశావా అని. కుతుబ్ మినార్ దూరం నుంచి చూశాను, బాగానే ఉంది. ఎర్రకోట చూడలేదు. నేను చూసింది జీపు వైపరు. దాని లోపల ఏముంటుందో, అది ఎందుకు అరుగుతుందో, ఇంటి ముందు మంచం వేసుకుని దాన్ని ఎలా బాగుచేస్తారో చూశాను. ఎర్రకోట గురించి రాసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు. దీని గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ఫ్లైఓవరు కింద

బొబ్బిలిలో ఎక్కిన రైలు మర్నాటి సాయంత్రం నిజాముద్దీన్‌లో దింపింది. రైల్లో చెప్పుకోదగ్గ సంగతి ఒకటే. రాయపూర్‌లో ఎక్కిన ఒకావిడ నేను రాసుకుంటుంటే వంగి చూసి, ఇది ఏ భాష అని సైగ చేసింది. తెలుగు అన్నాను. "జిలేబీ" అని గుండ్రంగా వేలు తిప్పి నవ్వింది. యాభై దాటాక రాత్రి బడిలో దిద్దిన జిలేబీలు ఇవి. ఢిల్లీలో దిగాక ఇవి కూడా పనికిరావు. బోర్డులన్నీ హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి. మళ్లీ చదువు రానిదాన్నయ్యాను.

తమ్ముడు సన్నిబాబు స్టేషనుకి జీపు తెచ్చాడు. వాడు ఆర్మీలో వంటశాలలో పనిచేసి రిటైరయ్యాడు. మన ఊరు రాకుండా ఢిల్లీలోనే పాలంలో ఉండిపోయి, మునిర్కాలో, కటవారియా సరాయ్‌లో గదులు తీసుకుని చదువుకునే తెలుగు పిల్లలకి క్యారేజీలు ఇస్తున్నాడు. ఆ క్యారేజీలన్నీ మోసింది ఈ జీపే. ఏదో దేశపు ఎంబసీ వాళ్లు వాడి వాడి వేలంలో అమ్మితే కొన్నాడట. గుమ్మం అంత పొడుగు చక్రాలు, బయట పచ్చరంగు, లోపల సాంబారు వాసన.

వైపర్లు ఆగిపోగానే వాడు తల బయటపెట్టి ఎలాగో బండిని ఫ్లైఓవరు కిందకి తెచ్చాడు. అక్కడొక చిన్న సంత ఉంది. వాన పడితే మోటారు సైకిళ్ల వాళ్లంతా అలా వంతెనల కింద దూరిపోతారట. కాషాయం బట్టలేసుకుని భుజాన కావిళ్లతో గంగనీళ్లు మోసుకెళ్లే భక్తులు కూడా ఉన్నారు. ఒకడు కంకులు కాలుస్తున్నాడు. కంకి ముప్పై రూపాయలు. నిమ్మచెక్క ఉప్పుకారంలో ముంచి రుద్ది ఇస్తాడు, అది మాత్రం బాగుంది. మనవాళ్లు ఎందుకు రుద్దరో తెలీదు.

సన్నిబాబు అద్దం దగ్గర నిలబడి వైపరు చేతిని పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. ఊడిపోయే పన్ను ఊగినట్టు ఊగింది.

పక్కన ఆటోవాలా అరచేతిలో ఖైనీ నలుపుకుంటూ అదంతా చూశాడు. "తంబాకూ రగడ్ దో శీశే పర్, భయ్యా. పానీ టికేగా నహీ" అన్నాడు.

"ఏటంటన్నాడ్రా?" అన్నాను.

"అద్దానికి పొగాకు రుద్దితే నీళ్లు నిలబడవంటప్పా. మన లారీ డ్రైవర్లు కూడా సేత్తారు."

"మరి రుద్దు."

"నా దగ్గరెక్కడిది?"

నా సంచిలో చుట్టలున్నాయి. ఒకటి తీసి విప్పి తడిపి ఇచ్చాను. ఇంకోటి ముట్టించుకున్నాను. మా ప్రాంతంలో నా వయసు ఆడవాళ్లు నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని తాగుతారు, అడ్డపొగ అంటారు. అది చూసి ఆటోవాలా చేతిలో ఖైనీ కింద పడేసుకున్నాడు. కావిడి మోసేవాళ్లలో ఒకడు దండం పెట్టాడు. నన్నేదో శక్తి అనుకున్నాడేమో.

"ఓలప్పా, ఇక్కడొద్దే! ఫోటోలు తీత్తన్నారు" అన్నాడు తమ్ముడు.

"తియ్యనీ. నువ్వు అద్దం రుద్దు."

పొగాకు నిజంగానే పనిచేసింది. నీళ్లు బొట్లు బొట్లుగా అంటుకోకుండా పొరలా జారిపోయాయి. ఒక బస్సు వెనకాల మెల్లిగా పోయి ఇల్లు చేరాం. దారి పొడుగునా వాడు మొహం మాడ్చుకునే ఉన్నాడు. వైపరు పోతే మొహం అలా పెట్టుకోవడమేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

పాలం, మంచం మీద జీపు పేగులు

ఆ సంగతి మర్నాడు మరదలు కమల చెప్పింది. ఢిల్లీలో డీజిలు బండికి ఇన్నేళ్లని ఆయుష్షు ఉంది. అది దాటితే రోడ్డెక్కనివ్వరు, తుక్కుకి పంపేస్తారు. ఈ జీపుకి ఆ ఆయుష్షు నెలాఖరుకి అయిపోతుంది. కొండల్లో ఉండే నేగీ అని, తమ్ముడితో ఆర్మీలో పనిచేసినాయన, బండి తీసుకెళ్తానన్నాడు. ఆదివారం భార్యని వెంటబెట్టుకుని వస్తున్నాడు. వాళ్లది ఘాటు రోడ్డు, నాలుగు నెలలు వాన. వైపరు లేని బండి తీసుకోడు. ఆయన తీసుకోకపోతే ఇంక కొనేవాడు లేడు, జీపు కోతకి పోతుంది.

"పోతే పోనీ అంటాను నేను. నా మొగుడికి నాకన్నా ముందు అదే, వదినా. పొద్దున్న లేస్తే దాని మొహమే చూత్తాడు" అంది కమల. అంది గానీ, ఆవిడే పాత దుప్పటి తెచ్చి మంచం మీద పరిచింది, సామాన్లు పెట్టుకోమని.

వాళ్ల అద్దె ఇల్లు మేడ మీద. కింద ఇంటావిడ ఉంటుంది. ఆ వీధిలో అందరూ ఆవిడని తాయీ అంటారు, అంటే పెద్దమ్మ. హర్యానా మనిషి, నా వయసుదే, పొద్దున్నే వీధిలో నవారు మంచం వేసుకుని హుక్కా తాగుతుంది. నేను చుట్ట తీసి అడ్డంగా పెట్టేసరికి హుక్కా గొట్టం పక్కన పెట్టి లేచి వచ్చింది.

"ఏ బహన్, యో కే కరే సె?" అని, ఇదేం చేస్తున్నావనే కాబోలు, నా నోరు తెరిపించి లోపలికి చూసింది. కాలలేదని నిర్ధారించుకుని హుక్కా నా వైపు తిప్పింది. పీల్చాను. నీళ్లలోంచి వచ్చిన పొగకి పస లేదు. ఆ మాటే చెప్పాను తెలుగులో. ఆవిడ నా చుట్ట అడిగి మామూలు పక్క నుంచి పీల్చి అరగంట దగ్గింది. ఆ తర్వాత మా ఇద్దరికీ భాషతో పని పడలేదు.

సన్నిబాబు పొద్దున్నే క్యారేజీలు పంపించేసి (ఇప్పుడు వాటికి బ్యాటరీ ఆటో కొన్నాడు) జీపు విప్పడానికి కూర్చున్నాడు. మెకానిక్కు దగ్గరికి పోవచ్చు కదా అంటే, ఇద్దర్ని అడిగాడట. ఒకడు ఈ రకం బండి ముట్టుకోనన్నాడు, రెండోవాడు పది రోజులన్నాడు.

వైపరు లోపల ఏముంటుందో చెప్తాను. నాలాగే మీరూ చూసి ఉండరు. స్టీరింగు దగ్గరున్న రేకులన్నీ విప్పితే ఒక మూల చిన్న మోటారు ఉంటుంది. దాని నుంచి ఒక సన్నటి గొట్టం అద్దం కింద ఈ చివర నుంచి ఆ చివరికి పోతుంది. గొట్టంలో ఒక తీగ. తీగ చుట్టూ స్ప్రింగులాగా ఇంకో తీగ చుట్టి ఉంటుంది. మోటారు ఆ తీగని ముందుకి తోస్తుంది, వెనక్కి లాగుతుంది, అంతే దాని పని. ఒక్కో వైపరు కింద రేకు డబ్బీలో ఒక పళ్ల చక్రం ఉంటుంది. తీగ ముందుకీ వెనక్కీ పోతుంటే దాని మెలికలు చక్రం పళ్లని పట్టుకుని తిప్పుతాయి. చక్రం ఇరుసు బయటికి పొడుచుకొస్తుంది. దానికి తగిలించిందే మనం బయట చూసే వైపరు చెయ్యి. ఇంత చిన్న సంగతికి అన్ని రేకులు ఎందుకు కప్పారో నాకైతే తెలియలేదు.

తమ్ముడు ఒక్కొక్కటే తీసి మంచం మీద వరసగా పెట్టాడు. వంటవాడు కదా, కూరగాయలు తరిగి పళ్లెంలో సర్దినట్టే సర్దాడు. రెండు చక్రాలకీ సుద్దముక్కతో గీతలు పెట్టాడు. ఏది కుడిది, ఏది ఎడమది, ఏ పన్ను దగ్గర తీగ కూర్చుంది అన్నీ గీతలే. అన్నిటికీ నల్లగా గ్రీజు పట్టి ఉంది.

"సూడప్పా, ఈ పళ్లు అరిగిపోనాయి. తీగ మీద జారిపోతన్నాయి. కొత్త డబ్బీలు రెండు దొరికితే సాలు" అన్నాడు.

"దొరుకుతాయా?"

"మాయాపురిలో దొరకంది లేదంటారు."

సాయంత్రం మేనకోడలు దివ్య గురుగ్రామ్‌లో ఆఫీసు నుంచి వచ్చింది. దానికి తెలుగు బాగా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. వస్తూ ఘేవర్ తెచ్చింది. సావన్‌లో అందరూ తినే మిఠాయి అట, తేనెపట్టులా అన్నీ కన్నాలు. మన అరిసె చేతికి బరువు తెలుస్తుంది, ఇది కొరికితే నేతి తడి మిగులుతుంది గానీ తిన్నది ఎటు పోయిందో తెలీదు. నాలుగు ముక్కలు తిన్నాను.

మాయాపురి

శనివారం మెట్రోలో మాయాపురి వెళ్లాం. ఒక చక్రం డబ్బీ గుడ్డలో చుట్టి నా సంచిలో పెట్టాడు తమ్ముడు. మెట్రోలో పోలీసులు సంచి మిషనులోంచి పంపించి, ఆ డబ్బీ చూసి ఆపారు. సన్నిబాబు పావుగంట వైపరు గురించి పాఠం చెప్పాక వదిలారు. నా చుట్టలు మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

మాయాపురి చూడవలసిన ఊరు. చచ్చిపోయిన బళ్లు అక్కడికి వస్తాయి. వీధికి రెండు పక్కలా ఒక కొట్టు నిండా హెడ్‌లైట్లు, ఒక కొట్టు నిండా తలుపులు, ఒక కొట్టు నిండా స్టీరింగులు. మన సంతలో వంకాయలు ఒక చోట, మిరపకాయలు ఒక చోట పోసినట్టు. ఒక చోట అద్దాలు దింపుతున్నారు. వాటి మీద ఇంకా దేవుడి బొమ్మల స్టిక్కర్లున్నాయి. తమ్ముడు అటు చూడకుండా నడిచాడు.

నాలుగైదు కొట్లు తిరిగాం. ఎవరూ ఆ డబ్బీని చూడలేదన్నారు. చివరికి ఒక సర్దార్జీ కళ్లజోడు పెట్టుకుని, డబ్బీ తిప్పి తిప్పి చూసి, మాకు కూర్చోడానికి టైరు చూపించి, టీ తెప్పించాడు.

"యే తో బాహర్ కా మాల్ హై జీ. మహీనా లగేగా, మిలే తో" అన్నాడు. బయటి దేశం సరుకు, దొరికితే నెల పడుతుంది. ఇంకో బండి మోటారు తెచ్చి రేకు కోసి అతికించొచ్చు, అదైనా వారం.

"రేపే కావాలి" అన్నాడు తమ్ముడు హిందీలో.

సర్దార్జీ మర్యాదగానే అన్నాడు. "తో గాడీ హీ లే ఆవో. అచ్ఛా భావ్ దూంగా." బండినే తెచ్చెయ్యి, మంచి ధర ఇస్తాను.

సన్నిబాబు టీ సగంలో వదిలేసి లేచాడు. నేను మాత్రం నాదీ వాడిదీ తాగేసి లేచాను. ఆయన తప్పేముంది, అది ఆయన వ్యాపారం. వైపరుకి వేసే కొత్త రబ్బర్లు, ఒక గ్రీజు డబ్బా మాత్రం కొన్నాం. బయట ఛోలే కుల్చే తిన్నాం, ప్లేటు యాభై. శనగలు, మీద పచ్చి ఉల్లిపాయ, మెత్తటి రొట్టె. తమ్ముడు ముట్టుకోలేదు.

"ఇనుము కోసం అన్నం మానేత్తావేట్రా?" అన్నాను.

"ఇనుమే అప్పా. కాదననేదు. ఆ ఇనుములోనే దివ్య బడికెల్లింది. లాక్‌డౌన్‌లో మునిర్కా గదుల్లో ఇరుక్కుపోనోల్లకి ఆ ఇనుమే అన్నం మోసింది. దాన్ని నా సేత్తో కోతకిచ్చీమంటావా?"

ఆ ప్లేటు వాడి ముందుకి ఇంకోసారి జరిపాను.

చింతపండు

ఇంటికొచ్చాక వాడు పైకెళ్లి పడుకున్నాడు. నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. మంచం మీద ఆ నల్లటి సామాన్లు చూస్తే ఒళ్లు మండింది. మనింట్లో వంట సామాను అలా వదిలేస్తామా? రెండు చక్రాలూ డబ్బీల్లో వదులుగానే ఉన్నాయి, లాగితే వచ్చేశాయి. గోరుతో గీకి చూస్తే కింద పసుపు రంగు మెరిసింది. ఇత్తడి లాంటిదే. కమలని అడిగి చింతపండు, ఉప్పు, తాయీ పొయ్యిలోంచి బూడిద తెచ్చుకుని, కొళాయి దగ్గర కూర్చుని తోమేశాను. దేవుడి దీపపు సెమ్మెలైనా అంత బాగా తోమలేదు. తాయీ పక్కన నిలబడి "వాహ్" అంది.

సన్నిబాబు కిందకొచ్చి చూసి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"గీతలేవే?"

"ఏ గీతలు?"

"సుద్ద గీతలు! ఏ పన్ను ఎక్కడ కూర్సోవాలో గుర్తులెట్టుకున్నాను కదే! కొత్తవి దొరకవు, పాతయ్యే బిగించి ఎలాగో సూద్దామనుకుంటే... ఓలప్పా, ఇప్పుడేది కుడిదో, ఏదెడమదో దేవుడికైనా తెలుత్తదా?"

"మురికిలో ఎవడికి తెలిసింది గీతలున్నాయని! చెప్పి పడుకోలేకపోయావా?"

"చింతపండెట్టి వైపరు తోముతారా ఎవరైనా!"

అరుపులకి వీధి తలుపులన్నీ తెరుచుకున్నాయి. కమల మా ఇద్దరి మధ్యకొచ్చి నిలబడింది. దివ్య మాత్రం మమ్మల్ని పట్టించుకోకుండా చక్రాలు రెండూ తీసుకుని ఫోను లైటు కింద పెట్టి తిప్పుతోంది. గీతలు పోతే పోయాయి, అరిగిన చోటు ఎక్కడుందో చూస్తే తీగ ఎక్కడ కూర్చుందో తెలుస్తుంది కదా అని దాని ఆలోచన.

"పాపా, ఇధర్ దేఖో" అంది. "ఆధా హీ ఘిసా హై." సగమే అరిగిందట.

అందరం వంగి చూశాం. తోమిన చక్రం మీద ఇప్పుడు ఏదీ దాగలేదు. ఒక పక్క పళ్లు పాత దువ్వెన పళ్లలా సన్నబడిపోయాయి. రెండో పక్క పళ్లు మాత్రం కొత్తవి కొత్తవిగా ఉన్నాయి. వైపరు పూర్తిగా చుట్టూ తిరగదు కదా, సగం పోయి సగం వస్తుంది. అందుకని ఒక పక్క పళ్లే ఇన్నేళ్లూ తీగని మోశాయి. రెండో పక్క ఖాళీగా కూర్చుంది.

"అయితే ఆ ఖాళీగా కూర్చున్న పక్కని తీగ మీదకి తిప్పి పెట్టొచ్చు కదా. చీర నడుమ చిరిగితే రెండు ముక్కలు చేసి, అంచుల పక్క మధ్యకి తెచ్చి కుట్టుకోమూ?" అన్నాను.

సన్నిబాబు నా మొహం చూశాడు, చక్రం చూశాడు. దివ్య ఫోనులో వెతికి, ఎక్కడో విదేశంలో ఒకాయన తన ఇంటి గరాజులో అలాగే చేస్తున్న వీడియో చూపించింది. ఆయన చింతపండు వాడలేదు, అంతే తేడా.

తమ్ముడు ఆ రాత్రి రెండు ప్లేట్ల అన్నం తిన్నాడు. నాకు క్షమాపణ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆదివారం, వాన లేదు

పొద్దున్నే అందరం జీపు చుట్టూ చేరాం. కొత్త గ్రీజు పూసి, చక్రాలు తిప్పి పెట్టి, గొట్టాలు బిగించి, తీగ దూర్చాడు. నేను చేతులు కట్టుకుని చూశాను, ఏదీ ముట్టుకోవద్దని నాకు ఆర్డరు. దివ్య ఫోను పట్టుకుని, "పాపా, పహలే మోటర్ చలావో, బాద్ మే ఆర్మ్ లగావో" అంది. ముందు మోటారు ఒకసారి తిప్పి ఆపు, అది ఆగిన చోటు చూసుకుని అప్పుడు వైపరు చేతులు తగిలించు అని.

"నాకు తెలుసులే" అని వాడు చేతులు ముందే తగిలించి స్విచ్చి వేశాడు. రెండు వైపర్లూ అద్దం వైపు పోకుండా బానెట్టు మీదకి దూకి టపటపా కొట్టుకున్నాయి. తాయీ హుక్కా గొట్టంతో వాటిని చూపించి నవ్వింది, మంచం ఊగిపోయేలా. సన్నిబాబు దివ్య వైపు చూడకుండా చేతులు పీకి, మోటారు నడిపి, ఆపి, మళ్లీ తగిలించాడు. ఈసారి పొడి అద్దం మీద కీచుమంటూ పైకి లేచాయి, దిగాయి, లేచాయి, బుద్ధిగా పడుకున్నాయి. కమల చప్పట్లు కొట్టింది. పోతే పోనీ అన్నది ఆవిడే.

నేగీ గారూ, ఆయన భార్య బిమలా దేవీ పదకొండు ప్రాంతంలో వచ్చారు. ఆయన పొట్టి, ఎర్రటి బుగ్గలు. తమ్ముణ్ణి వాటేసుకుని "నీ రాజ్మా ఇంకా నా కడుపులోనే ఉందిరా" అని హిందీలో అన్నాడు. ఆవిడ మాట్లాడలేదు. జీపు చుట్టూ తిరిగి టైర్లు తన్ని చూసింది. తర్వాత అద్దం ముందు నిలబడింది.

"బారిష్ మే చలాకే దిఖావో" అంది. వానలో నడిపి చూపించండి.

ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. గురువారం ఊరు ముంచిన వాన ఎటో పోయింది. తాయీకి సంగతి తెలిసి లేచి తన ట్యాంకు మోటారు వేసింది. పాలంలో నీళ్లు అంటే తగువులే, అలాంటిది ఆవిడే మేడ ఎక్కి బకెట్లు నింపింది. కమల బట్టలు ఉతికిన సబ్బు నీళ్లు కూడా తెచ్చింది. పైనుంచి నేనూ తాయీ కమలా బకెట్టు మీద బకెట్టు జీపు అద్దం మీద కుమ్మరించాం. కింద వైపర్లు ఆడుతూనే ఉన్నాయి. నీళ్లు రెండు పక్కలకీ విసిరి కొట్టాయి. లోపల కూర్చున్న నేగీ గారి మొహం ఒకసారి మాయమై, ఒకసారి కనిపించింది. వీధి పిల్లలు కింద స్నానాలు మొదలెట్టారు.

మేం మేడ దిగి వచ్చేసరికి నేగీ గారూ బండి దిగి, "బఢియా! నయా లగాయా?" అన్నాడు. బాగుంది, కొత్తవి వేశావా అని.

నాకు హిందీ రాదు గానీ నయా అంటే తెలుసు. సన్నిబాబు తల గోక్కున్నాడు. అవుననలేదు, కాదనలేదు. గొంతు సవరించుకుని "ఠీక్ చల్ రహా హై న" అన్నాడు, బాగానే నడుస్తోంది కదా అని. కమల నా చెయ్యి గిల్లింది, నోరు మూసుకోమని. ఆ గిల్లుడు అర్థమైంది. బిమలా దేవి చేతి సంచీ దించి, డబ్బులు తీయడానికి ముడి విప్పుతోంది.

ఘాటు రోడ్డు మీద వానలో కూర్చునేది ఆవిడ. అక్కడ దూరడానికి ఫ్లైఓవరు ఉండదు.

"నయా కాదు" అన్నాను గట్టిగా. "ఒరే సన్నీ, చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనే చెప్తాను."

"అప్పా..."

ఆగలేదు. బిమలా దేవి దగ్గరికెళ్లి నా చేతి వెండి కడియం చూపించాను. ఒక పక్క రాసుకుని రాసుకుని సన్నబడింది, రెండో పక్క లావుగా ఉంది. వైపరు చూపించి, కడియం సన్నటి పక్క కిందకి, లావు పక్క పైకి తిప్పాను. మళ్లీ వైపరు చూపించాను. ఇంక ఇంకో పక్క లేదని చేతులు తిప్పేశాను.

వైపర్లు ఇంకా ఆడుతూనే ఉన్నాయి, ఎవరూ ఆపలేదు.

నేగీ గారు తమ్ముడి వైపు తిరిగాడు. "బతానే వాలా థా?" చెప్పేవాడివేనా?

సన్నిబాబు నేల చూసి, "పతా నహీ, యార్" అన్నాడు. తర్వాత అన్నీ చెప్పాడు, హిందీలో, ఏదీ దాచకుండా. పళ్లు ఒక పక్క అరిగిన సంగతి, తిప్పి పెట్టిన సంగతి, కొత్తవి దొరక్కపోయిన సంగతి, ఈ పక్క కూడా అరిగిపోతే ఇంక తిప్పడానికి ఏమీ ఉండదన్న సంగతి. చెప్తుంటే వాడి గొంతు మాయాపురిలో ఉన్నట్టే ఉంది. జీపు పోయిందనే అనుకున్నాడు. నేనూ అనుకున్నాను. నా నోటి వల్ల పోయిందని కూడా అనుకున్నాను, కానీ ఆ మాట వెనక్కి తీసుకునేదాన్ని కాదు.

బిమలా దేవి సంచీ ముడి మళ్లీ బిగించింది. నా కడియం పట్టుకుని తనే ఒకసారి తిప్పి చూసింది. తర్వాత భర్తతో ఏదో గబగబా అంది. దివ్య నాకు చెవిలో చెప్పింది, ఈసారి తెలుగులోనే, తడుముకుంటూ. "అత్తా, ఆంటీ అంటోంది... మన కొండలో అది పాడైతే ఎవరు తెరుస్తారు? ఈయన తెరవడం నేర్చుకుంటేనే తీసుకుందాం, లేకపోతే వద్దు."

నేగీ గారు చొక్కా విప్పి జీపు తలుపు మీద వేశాడు. "ఖోల్" అన్నాడు తమ్ముడితో.

మళ్లీ విప్పారు. రేకులు, మోటారు, గొట్టాలు, చక్రాలు, అన్నీ మళ్లీ మంచం మీదకి. ఈసారి తమ్ముడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి నోటితో చెప్పాడు, చేసింది నేగీ గారు. మధ్యలో అందరం కమల చేసిన పులిహోర తిన్నాం. నేగీ గారు చక్రాలకి సుద్దముక్క గీతలు పెట్టి, నా వైపు చూసి, చింతపండు అన్నట్టు చెయ్యి రుద్ది కళ్లు పెద్దవి చేశాడు. దివ్య చెప్పేసింది మరి. ఆయన బిగించాడు, మోటారు ముందు తిప్పాడు, తర్వాత చేతులు తగిలించాడు. తాయీ పైనుంచి ఒక బకెట్టు ఒంపింది. వైపర్లు లేచాయి.

బిమలా దేవి అప్పుడు సంచీ ముడి విప్పింది.

ఎండ చల్లబడుతుండగా బయల్దేరారు. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లం: స్టీరింగు దగ్గర నేగీ గారు, ఆయన పక్కన బిమలా దేవి, గేటు దగ్గర హుక్కా పట్టుకుని తాయీ, తడిసిన చీర ఇంకా మార్చుకోని కమల, ఫోనులో వీడియో తీస్తూ దివ్య, ఇంక నేను, అంటే పైడమ్మని. తమ్ముడు సన్నిబాబు మాత్రం, బండి వీధి మలుపు తిరిగేదాకా అటు చూడలేదు. కొళాయి దగ్గర మా వైపు వీపు పెట్టి కూర్చుని, కడిగిన బకెట్లే మళ్లీ కడుగుతున్నాడు. అయినా వాణ్ణి కూడా రాస్తున్నాను. వాడు అక్కడే ఉన్నాడు.